వెన్నుకు కూడా రేడియేషన్ తీసుకున్న పాప ఎదగడం లేదు: గ్రోత్ హార్మోన్ ఎంతవరకు పనిచేస్తుంది?

మా పాపకు 9 ఏళ్లు. ఆరేళ్ల వయసులో మెడుల్లోబ్లాస్టోమాకు (మెదడులో వచ్చే ఒక క్యాన్సర్ కణితి) ఆపరేషన్ అయ్యింది. ఆ తర్వాత తలకు, వెన్నుకు 23.4 గ్రే, కణితి ఉన్న చోట మొత్తం 54 గ్రే రేడియేషన్ ఇచ్చారు. అది ముగిసి రెండున్నరేళ్లు. ఎమ్మారై శుభ్రంగా ఉంది.

గత ఏడాదిలో 118 నుంచి 120 సెంటీమీటర్లకు వచ్చింది, అంతే. తలుపు చట్రం మీద పెన్సిల్ గీతలు ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి. కూర్చుంటే మరీ పొట్టిగా కనిపిస్తోంది. వెన్నుపూసలకు రేడియేషన్ తగలడం వల్లనే అన్నారు.

మొదట తిండి లోపమనుకుని గుడ్లు, పాలు పెంచాం, విటమిన్ డి ఇచ్చాం. తర్వాత టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) 9.8 అని, అంటే ఎక్కువగా ఉందని తేలింది. ఎనిమిది నెలలుగా 50 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర వాడుతోంది, ఇప్పుడు 2.4. నీరసం తగ్గింది, ఎత్తు మాత్రం కదలలేదు. ఉదయం ఎనిమిదింటికి చూసిన కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథి హార్మోన్) బాగానే ఉంది. మందు ఇచ్చి గ్రోత్ హార్మోన్ ఎంత పెరుగుతుందో చూసే క్లోనిడిన్, గ్లూకగాన్ పరీక్షలు రెండింటిలోనూ అది 3.2 దాటలేదు, అంటే తక్కువే. రోజూ రాత్రి గ్రోత్ హార్మోన్ సూది మొదలుపెట్టవచ్చని డాక్టరు అన్నారు. అన్ని సూదులు తిన్న పిల్లకు మళ్లీ సూదులంటే మనసు ఒప్పడం లేదు, కానీ ఆలస్యం చేయడమూ భయమే.

వెన్నుకు కూడా రేడియేషన్ తీసుకున్న మీ పిల్లలకు గ్రోత్ హార్మోన్ ఇస్తే, మొదటి ఏడాదిలో ఎన్ని సెంటీమీటర్లు పెరిగారు?