మా తమ్ముడికి గేమింగ్ టీమ్ నుంచి కాంట్రాక్ట్ వచ్చింది, దీన్ని ఉద్యోగం అనుకోవచ్చా?

తమ్ముడి_అక్క:

మా తమ్ముడు వాలరెంట్ ఆడతాడు, టీమ్‌లుగా ఆడే షూటింగ్ వీడియో గేమ్. ఖాళీ దొరికినప్పుడు ఆడటం కాదు, మధ్యాహ్నం నుంచి వేరే టీమ్‌లతో స్క్రిమ్స్ (ప్రాక్టీస్ మ్యాచ్‌లు), తర్వాత ఓడిపోయిన రౌండ్ల రికార్డింగులు పెట్టుకుని కోచ్‌తో కలిసి తప్పులు వెతకడం, రాత్రి మళ్లీ ఒక్కడే ఎయిమ్ ప్రాక్టీస్. ఇప్పుడొక టీమ్ వాళ్లు ఏడాది కాంట్రాక్ట్ ఇస్తామన్నారు. నెల నెలా జీతం, గెలిస్తే ప్రైజ్ మనీలో వాటా. నాన్నేమో కుర్చీలో కూర్చుని ఆడేది క్రీడ ఎలా అవుతుంది, ఇవాళ జీతం ఇచ్చేవాడు రేపు కూడా ఇస్తాడని ఏంటి నమ్మకం అంటున్నారు. వాడేమో ఆసియా క్రీడల్లో పతకాలే ఇస్తుంటే ఇంకా ఈ మాటలేంటని అలిగి కూర్చున్నాడు. ఇద్దరికీ మాటల్లేవు, మధ్యలో నాకు టెన్షన్. వాడికి పద్దెనిమిది నిండాయి, సంతకం వాడే పెట్టుకోవచ్చు, కానీ ఇంట్లో అందరూ ఒప్పుకున్నాక పెడితే బాగుంటుందని నా ఆశ. అసలు దీన్ని క్రీడ అనొచ్చా? ఉద్యోగం అనొచ్చా? ఈ ఫీల్డ్ తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మిడ్‌లేన్_మనిషి:

అక్కా, క్రీడే. నాకైతే ఇందులో అనుమానం లేదు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో గేమింగ్‌ని ప్రదర్శన పోటీలుగా మాత్రమే పెట్టారు, ఆ పతకాలు పట్టికలోకి రాలేదు. 2022లో జరగాల్సి 2023కి వాయిదా పడ్డ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మాత్రం ఏడు గేముల్లో అసలు పతకాలే ఇచ్చారు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే టీమ్ గేమ్‌లో దక్షిణ కొరియా బంగారు పతకం గెలిచింది, దాంతో మిగతా క్రీడల్లో బంగారం తెచ్చినవాళ్లకు ఉన్నట్టే ఆ జట్టు కుర్రాళ్లకూ తప్పనిసరి సైనిక సేవ విషయంలో మినహాయింపు దొరికింది. ఒక దేశం సైన్యం దగ్గర కూడా వాళ్లను క్రీడాకారులుగానే చూసిందంటే ఇంకేం కావాలి? అమెరికా 2013లోనే ఒక లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటగాడికి క్రీడాకారులకిచ్చే వీసా ఇచ్చింది.

కుర్చీలో కూర్చుంటారు నిజమే. కానీ స్టార్‌క్రాఫ్ట్ అనే యుద్ధవ్యూహాల గేమ్ ఆడే ప్రొఫెషనల్స్ నిమిషానికి 300కు పైగా కమాండ్లు ఇస్తారు, అవి కూడా ఊరికే నొక్కడం కాదు, ప్రతి దాని వెనకా ఒక నిర్ణయం ఉంటుంది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆడే కొరియా ఆటగాడు ఫేకర్‌ని చూడండి. 2013లో మొదటి ప్రపంచ టైటిల్, 2024లో ఐదోది. ఈ మధ్యలో ప్యాచ్ మీద ప్యాచ్ (కంపెనీ గేమ్‌లో చేసే మార్పులు) వచ్చి గేమే చాలాసార్లు మారిపోయింది, నేర్చుకున్నది వదిలేసి మళ్లీ కొత్తగా నేర్చుకుంటూ అన్నేళ్లు పైస్థాయిలో నిలబడటం ఏ ఆటలో అయినా గొప్పే. వయసు దాటిపోతే పనికిరారు అనే మాట కూడా అన్ని గేములకూ వర్తించదు, హాంగ్‌జౌలో స్ట్రీట్ ఫైటర్ అనే ఫైటింగ్ గేమ్‌లో బంగారం గెలిచిన కిమ్ గ్వాన్‌వూకి అప్పటికి 44 ఏళ్లు.

నెట్_దగ్గర:

నేను వాలీబాల్ కోచింగ్ ఇస్తాను. గేమింగ్ మీద నాకు చిన్నచూపు లేదు, చెస్ సమాఖ్యను ఒలింపిక్ కమిటీ 1999లోనే గుర్తించింది, షూటింగ్ 1896 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది, కాబట్టి చెమట పట్టలేదు గనక క్రీడ కాదు అనే వాదన నేను ఎప్పుడూ చేయను. కానీ పై మిత్రుడు చెప్పినంత తేలిక విషయం కూడా కాదు. జర్మనీ ఒలింపిక్ క్రీడా సమాఖ్య 2018లో కూర్చుని చర్చించి దీన్ని క్రీడగా గుర్తించలేం అని చెప్పింది. ఒలింపిక్ కమిటీ 2024లో సౌదీ అరేబియాతో కలిసి ఈస్పోర్ట్స్ (పోటీ గేమింగ్) ఒలింపిక్స్ అని ప్రకటించింది, 2025లో ఆ ఒప్పందమే రద్దయింది. అంటే పెద్దవాళ్లకే ఇంకా తేలలేదు.

నాకు బాధ కలిగించేది వేరే. చైనాలో ఉజీ అనే లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటగాడు 2020లో రిటైర్మెంట్ ప్రకటించాడు, 23 ఏళ్లకి. టైప్ 2 డయాబెటిస్, చేతి గాయం. అదే గేమ్‌లో క్లౌడ్ నైన్ అనే టీమ్ కెప్టెన్, హై అనే ఆటగాడు, 2015లో మణికట్టు నొప్పితో ఆపేశాడు. తర్వాత వీళ్లు తిరిగొచ్చి ఆడారు, అది వేరే సంగతి. శరీరంతో పని లేని ఆట అయితే ఇలా ఎందుకు జరుగుతుంది? మా ఆటల్లో పిల్లాడు భుజం నొప్పి అంటే ఆ రోజు స్పైకింగ్ ఆపిస్తాం, ఫిజియో చూసేదాకా దింపం. ఇక్కడ ఆ అలవాటు చాలా టీమ్‌లలో ఇంకా రాలేదు, పన్నెండు గంటలు కూర్చున్నవాడిని కష్టపడుతున్నాడని మెచ్చుకుంటారు. ఇది క్రీడ అనిపించుకోవాలంటే ముందు ఆటగాడి శరీరాన్ని క్రీడాకారుడి శరీరంలా చూడటం నేర్చుకోవాలి. మీ తమ్ముడి టీమ్‌లో ఫిజియో ఉన్నాడా అని అడగండి అమ్మా. వారానికి ఒక రోజు పూర్తి సెలవు ఉందా అని కూడా.

బెంచ్_మీద_నుంచి:

నేను ఒక టీమ్‌లో అనలిస్ట్‌గా పనిచేశాను. తమ్ముడి_అక్క గారూ, మీ ఇంట్లో గొడవ క్రీడా కాదా అన్న దాని మీద నడుస్తోంది గానీ మీ నాన్నగారి రెండో ప్రశ్నే అసలు ప్రశ్న, రేపు జీతం ఇస్తారా అన్నది. పతకాలు దానికి సమాధానం చెప్పవు. పైగా హాంగ్‌జౌలో ఆడించిన ఏడింటిలో వాలరెంట్ లేదు, మీ తమ్ముడికి ఈ మాట చెప్పండి. ఏ గేమ్ పెట్టాలో నిర్వాహకులు ఎంచుకుంటారు, ఏ గేమ్ బతకాలో పబ్లిషర్, అంటే ఆ గేమ్ నడిపే కంపెనీ, నిర్ణయిస్తుంది.

నాకు తెలిసి మిగతా క్రీడలకీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే. వాలీబాల్ ఎవరి సొత్తూ కాదు. ఒక సమాఖ్య మూతపడినా బంతి, నెట్ ఉంటే ఆట ఉంటుంది. వాలరెంట్ రయట్ కంపెనీ సొత్తు. సర్వర్ వాళ్లది, లీగ్ వాళ్లది, రూల్స్ వాళ్లవి. 2018 డిసెంబర్‌లో బ్లిజార్డ్ కంపెనీ హీరోస్ ఆఫ్ ది స్టార్మ్ అనే గేమ్‌కి మరుసటి ఏడాది నుంచి లీగ్ ఉండదని ఒక ప్రకటన వేసింది, అంతే, ఆ లీగ్‌ని నమ్ముకున్న ఆటగాళ్లు, కోచ్‌లు, కామెంటేటర్లు అందరూ ఒకేసారి రోడ్డున పడ్డారు. వాళ్లేమీ ఓడిపోలేదు, ఫామ్ కోల్పోలేదు. 2018లో ఏటా కనీసం 50 వేల డాలర్ల జీతం గ్యారంటీ అని మొదలైన, ఓవర్‌వాచ్ అనే ఇంకో షూటింగ్ గేమ్ లీగ్ కూడా 2023 సీజన్‌తో ముగిసింది. డోటా 2 అనే గేమ్‌లో ది ఇంటర్నేషనల్ అనే పెద్ద టోర్నమెంట్ ప్రైజ్ మనీ 2021లో 4 కోట్ల డాలర్లు దాటింది, 2023కి అది 30 లక్షల పైచిలుకుకు పడిపోయింది. అందుకే ప్రైజ్ మనీ వాటాను జీతంలో కలిపి లెక్కేసుకోకండి.

ఉద్యోగమా అంటే మాత్రం, అవును, నూటికి నూరు శాతం ఉద్యోగమే. ఫ్రాన్స్ 2016లో చట్టం చేసింది, జీతం తీసుకునే గేమింగ్ ఆటగాడికి ఏడాదికి తగ్గకుండా, ఐదేళ్లకు మించకుండా ఉద్యోగ కాంట్రాక్ట్ ఇవ్వచ్చని. అక్కడ క్రీడా కాదా అన్న చర్చ తేలేదాకా ఆగలేదు. ఎవరో సమయం తీసుకుంటున్నారు, పని చెప్తున్నారు, డబ్బిస్తున్నారు, మరి ఉద్యోగం కాకపోతే ఏంటి?

తమ్ముడి_అక్క:

అందరికీ థ్యాంక్స్ అండి. బెంచ్ గారూ, మీరు చెప్పింది నాన్నకి చదివి వినిపించాను, మొదటిసారి ఆయన కాంట్రాక్ట్ కాగితం ఒకసారి చూపించమన్నారు. మేం అందులో ఏం చూడాలి?

బెంచ్_మీద_నుంచి:

మొదట ఆ టీమ్ ఏ స్థాయిలో ఆడుతోందో కనుక్కోండి. వాలరెంట్‌లో పైన పార్ట్‌నర్ లీగ్‌లు ఉంటాయి, ఆ టీమ్‌లకు రయట్ నుంచి కూడా డబ్బు అందుతుంది. వాటి కింది స్థాయి పోటీలు చాలెంజర్స్. చాలెంజర్స్ టీమ్ అయితే జీతం ఎక్కువగా ఓనర్ జేబు మీద, స్పాన్సర్ల మీద ఆధారపడి ఉంటుంది, కాబట్టి ఇంతకు ముందు ఆ టీమ్‌లో ఆడి వెళ్లిపోయిన కుర్రాళ్లను వెతికి పట్టుకుని జీతం టైముకి పడేదా అని నేరుగా అడగండి, ఇంతకు మించిన విచారణ లేదు.

కాగితంలో బైఅవుట్, అంటే కాంట్రాక్ట్ మధ్యలో వేరే టీమ్ తీసుకోవాలంటే కట్టాల్సిన డబ్బు, ఎంత రాశారో చూడండి. అది మరీ ఎక్కువ రాస్తే రేపు పెద్ద టీమ్ అడిగినా వెళ్లలేడు, ఉన్నచోట ఆడించనూ ఆడించకపోవచ్చు. రోస్టర్ (ఆడే జట్టు) నుంచి తీసి బెంచ్ మీద కూర్చోబెడితే జీతం పూర్తిగా ఇస్తారా, సగమా? వాడి స్ట్రీమింగ్ ఆదాయంలో టీమ్‌కి ఎంత పోతుంది? టీమ్ మధ్యలో వాలరెంట్ నుంచి తప్పుకుంటే వాడు అదే రోజు ఫ్రీ అవుతాడా, లేక కాంట్రాక్ట్ అయిపోయేదాకా కట్టుబడి ఉండాలా? ఈ చివరిది చాలామంది చదవరు, గొడవలన్నీ అక్కడే వస్తాయి. నోటితో చెప్పిన హామీలు ఏవున్నా కాగితం మీద రాయించండి, ఒక లాయర్‌కి చూపించాకే సంతకం.

మిడ్‌లేన్_మనిషి:

బెంచ్ అన్న చెప్పినదాంతో ఒప్పుకుంటాను, ఒక్కటి తప్ప. రేపు గేమ్ ఆగిపోతే అంతా పోయినట్టు కాదు. ఓవర్‌వాచ్ నుంచి వాలరెంట్‌కి మారి పైస్థాయిలో ఆడినవాళ్లు ఉన్నారు. కోచ్‌లుగా, కామెంటేటర్లుగా వెళ్లినవాళ్లూ ఉన్నారు. చేతిలో నైపుణ్యం ఎక్కడికీ పోదు.

నెట్_దగ్గర:

పోదు, మణికట్టు బాగున్నంతకాలం. చదువు ఆపేయమని టీమ్ వాళ్లు గానీ అడిగారా అమ్మా? దూరవిద్యలో అయినా పరీక్షలు రాసుకునేలా, ఆ రోజుల్లో స్క్రిమ్స్ ఉండకుండా ముందే మాట్లాడుకోండి. ఒప్పుకునే టీమ్‌లు ఉంటాయి.

తమ్ముడి_అక్క:

ఆపేయమనలేదు అండి, కానీ ఆ ఊసే ఎత్తలేదు. ఫిజియో, సెలవు, బైఅవుట్, పరీక్షలు, గేమ్ నుంచి తప్పుకుంటే ఏంటన్నది, ఇవన్నీ రాసుకున్నాం. రేపు మేనేజర్‌తో కాల్ ఉంది, తమ్ముడితో పాటు నాన్న కూడా కూర్చుంటానన్నారు. ఏమన్నారో ఇక్కడ రాస్తాను.