ఆగస్ట్ మాకె గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

ప్రశ్న: అందరికీ నమస్తే, జర్మన్ పెయింటర్ ఆగస్ట్ మాకె బొమ్మలు ఈమధ్యే చూస్తున్నా, షాపుల ముందు నిలబడ్డ ఆడవాళ్లు, టోపీలు, పార్కులు, ఆ రంగులు అసలు కళ్లు తిప్పుకోనివ్వట్లేదు. 27 ఏళ్లకే మొదటి ప్రపంచయుద్ధంలో పోయాడంట కదా, అసలేం జరిగింది?

రిప్లై 1: 1914 ఏప్రిల్‌లో తోటి పెయింటర్లు పాల్ క్లే, లూయీ మ్వాయేలతో కలిసి ట్యునీషియా వెళ్లాడండి, ఉన్నది కొద్దిరోజులే కానీ అక్కడ వేసిన వాటర్‌కలర్స్ చూడండి, నా దృష్టిలో ఆయన బెస్ట్ వర్క్ అదే. ఆగస్టులో యుద్ధం రాగానే సైన్యంలోకి పిలిచారు, సెప్టెంబర్ 26న ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో చనిపోయాడు. భార్య ఎలిజబెత్, ఇద్దరు చిన్న కొడుకులు... తల్చుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

రిప్లై 2: ఇంకో జర్మన్ పెయింటర్ ఫ్రాంజ్ మార్క్ సంగతి కూడా చెప్పాలి బ్రో. మాకె, మార్క్ ఇద్దరూ ప్రాణస్నేహితులు, బ్లూ రైడర్ అనే ఆర్టిస్టుల గ్రూపులో ఉన్నారు. మాకె పోయాక మార్క్ యుద్ధంలో ఉండే సంతాపవ్యాసం రాశాడు, 1916 మార్చి 4న ఫ్రాన్స్‌లోని వెర్డన్ దగ్గర అతనూ పోయాడు, 36 ఏళ్లకే.

రిప్లై 3: 'వీడ్కోలు' అనే బొమ్మ తప్పకుండా చూడండి, 1914లోదే, కొలోన్‌లోని లుడ్విగ్ మ్యూజియంలో ఉంది. రంగులన్నీ మసకబారిపోయి ఉంటాయి, మనుషులకి ముఖాలుండవు. జర్మనీలో ఉండేవాళ్లయితే బాన్‌లో ఆయన ఉన్న ఇల్లు కూడా ఇప్పుడు మ్యూజియమే, కొలోన్ నుంచి దగ్గరే, రెండూ కలిపి చూసేయొచ్చు.