అప్‌డేట్: విల్, మే, మైట్ ప్రాక్టీస్

రేపటి సంగతి ఇంగ్లీషులో చెప్పాలంటే విల్, మే, మైట్‌లలో ఏది వాడాలో తేలట్లేదని ఇదివరకు అడిగాను. "మీ ఊరి విషయాల మీదే వాక్యాలు కట్టండి" అన్న సలహా బాగా పనిచేసింది. బెజవాడలో అనుమానాలకు కొదవా! ఎగువన వానలు పడితే 'దే మే లిఫ్ట్ ఆల్ 70 గేట్స్' (ప్రకాశం బ్యారేజీవి లెండి), మబ్బు కమ్మితే 'ఇట్ మైట్ రెయిన్', బెంజ్ సర్కిల్ దగ్గర ఆగిపోతే 'వుయ్ కుడ్ బి లేట్'. మే కన్నా మైట్‌లో నమ్మకం కాస్త తక్కువ అంటారు గానీ, మాటల్లో ఆ తేడా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అసలు చిక్కు నాట్ దగ్గరే. వాన పడకపోవచ్చు అనాలంటే 'మైట్ నాట్' సరే, 'కుడ్ నాట్' కుదరదు. ఇక షుడ్ మిగిలింది: 'ద ట్రైన్ షుడ్ రీచ్ బై టెన్' అంటే రావాలనా, బహుశా వస్తుందనా? తెలిసినవాళ్లు చెప్పగలరు.