బట్టతల మందు పరీక్షల్లో ఉత్తుత్తి మందు ఇవ్వడం న్యాయమేనా?

అరండల్‌పేట అబ్బాయి:
నాకు 28 ఏళ్ళు. ఇల్లు గుంటూరులో, ఉద్యోగం విజయవాడలో. నడినెత్తిన జుట్టు పలచబడి మూడేళ్ళయింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. పెళ్ళిచూపులకు బయలుదేరే ముందు అమ్మ దువ్వెన పట్టుకుని ఒకసారి ముందుకు, ఒకసారి పక్కకు దువ్వి చూస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. పోయిన వారం బెజవాడలో ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్ళాను. కొత్త మందు మీద పరిశోధన జరుగుతోందని, అందులో చేరితే రాయితీ పోగా 24 వేలు కడితే చాలని చెప్పారు. ఇంటికి వచ్చి క్లినికల్ ట్రయల్స్ గురించి చదివాను. చేరినవాళ్ళలో కొందరికి అసలు మందు, మిగిలినవాళ్ళకు చూడటానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మందు ఇస్తారట. ఎవరికి ఏది వచ్చిందో డాక్టరుకు కూడా తెలియదట. ఏడాది పాటు నేను రంగు నీళ్ళు రాసుకుని, ఆ ఏడాదిలో ఉన్న నాలుగు వెంట్రుకలు కూడా రాలిపోతే? పనిచేసే మందులు ఇప్పటికే ఉండగా ఇలా చేయడం న్యాయమేనా?

గుంటగలగర:
న్యాయం కాదు బాబూ. నమ్మి వచ్చినవాడికి ఉత్తి నీళ్ళు ఇవ్వడాన్ని మా ఊళ్ళో మోసం అంటారు. మా చిన్నమ్మాయికి టైఫాయిడ్ తగిలి, తగ్గిన మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. గుంటగలగరాకు, మందారాకు, కరివేపాకు కొబ్బరినూనెలో కాచి రోజూ రాశాను. ఏడాది తిరిగేసరికి జడ నిండుగా వచ్చింది. దీనికి ఏ పరిశోధన కావాలి? నేనేమైనా పెద్దమ్మాయికి ఉత్తి నూనె రాసి పోల్చి చూశానా?

లెక్కల మాష్టారు:
అమ్మా, మీ చిన్నమ్మాయి ఉదంతమే ఉత్తుత్తి మందు ఎందుకు కావాలో చెబుతోంది. టైఫాయిడ్, డెంగీ వంటి పెద్ద జ్వరం వచ్చినా, కాన్పు అయినా ఎదుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్ళిపోతాయి. రెండు మూడు నెలల తరువాత అవన్నీ ఊడతాయి. కుదుళ్ళు చావవు కనుక కొన్ని నెలలకు జుట్టు తనంతట తానే తిరిగి వస్తుంది. జుట్టు ఊడగానే కంగారుపడి మనం ఏదో ఒకటి మొదలుపెడతాం, సరిగ్గా అప్పుడే అది తిరిగి మొలవడం మొదలవుతుంది. పేరు నూనెకు వస్తుంది. తులసి నీళ్ళు చల్లినా వాటికే వచ్చేది. మీ నూనె పనిచేయదని నేను అనడం లేదు. పనిచేసిందని ఆ జడను చూపించి నిరూపించలేమని అంటున్నాను.

నడినెత్తి బట్టతల కథ వేరు, అక్కడ పోయిన జుట్టు తనంతట తాను తిరిగి రాదు. అయినా పోలిక గుంపు లేకపోతే అక్కడా బోల్తా పడతాం. మగవాళ్ళ బట్టతలకు మింగే మాత్ర ఫినాస్టెరైడ్‌ను పరీక్షించినప్పుడు 18 నుంచి 41 ఏళ్ళ మధ్య వయసున్న 1,553 మంది మగవాళ్ళను తీసుకున్నారు. నెత్తి మీద అంగుళం వ్యాసం ఉన్న వృత్తం గీసి, అందులోని వెంట్రుకలను ఫొటోల్లో లెక్కపెట్టారు. మొదట సగటున 876 ఉన్నాయి. రెండేళ్ళకు అసలు మందు గుంపుకు, ఉత్తుత్తి గుంపుకు మధ్య తేడా 138 వెంట్రుకలు. అయిదేళ్ళకు 277. ఇందులో ఎక్కువ భాగం మందు వాడినవాళ్ళకు కొత్తగా మొలిచినవి కావు, ఉత్తుత్తి మందు వాడినవాళ్ళకు రాలిపోయినవి! అంటే ఆ మందు గొప్పతనం మొలిపించడంలో కన్నా నిలబెట్టడంలో ఉంది. ఆ రెండో గుంపే లేకపోతే అయిదేళ్ళ తరువాత తన తల అద్దంలో చూసుకున్నవాడు "ఇన్నాళ్ళు మింగినా పెద్దగా పెరిగిందేమీ లేదు" అని సీసా గిరాటు వేసేవాడు.

కృష్ణలంక:
మాష్టారూ, 277 వెంట్రుకల లెక్క బాగుంది. ఆ రెండో గుంపులో అయిదేళ్ళు జుట్టు పోగొట్టుకున్నవాళ్ళ సంగతి ఎవరు అడిగారు? అబ్బాయి ప్రశ్న అదే కదా.
నేను ఈ మాత్ర ఏడు నెలలు వాడాను. డాక్టరును అడగకుండా దుకాణంలో కొనుక్కోవడం నా తప్పే. మగవాడికి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉండే ఇబ్బంది వచ్చింది. మానేశాక రెండు నెలలకు సర్దుకుంది. నూటికి ఇద్దరికో ముగ్గురికో అని కాగితం మీద రాస్తారు, ఆ ఇద్దరిలో మీరు ఉంటే తెలుస్తుంది.

లెక్కల మాష్టారు:
మీ బాధను తేలికచేయను. కానీ మీరు చెప్పిన ఇబ్బంది మందు వల్ల ఎంతమందికి వచ్చిందో తేల్చింది కూడా ఆ ఉత్తుత్తి గుంపే. అసలు మందు తీసుకున్నవాళ్ళలో 3.8 శాతం మంది అటువంటి ఇబ్బంది చెబితే, ఏమీ లేని మాత్ర మింగినవాళ్ళలో కూడా 2.1 శాతం మంది చెప్పారు. ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్ళ మీద ఇదే మందు ఎక్కువ మోతాదుతో చేసిన ఇంకో పరీక్ష ఉంది. ఇలాంటి ఇబ్బంది రావచ్చని ముందే చెప్పిన గుంపులో 43.6 శాతం, చెప్పని గుంపులో 15.3 శాతం మంది ఫిర్యాదు చేశారు. మాత్ర ఒకటే, తేడా మనం చెప్పిన మాటలో ఉంది.

కృష్ణలంక:
అయితే ఈ మందు 1997లో బట్టతలకు అమెరికా అనుమతి పొందింది. ఆత్మహత్య ఆలోచనలు దీని దుష్ప్రభావమేనని ఐరోపా మందుల సంస్థ భద్రతా కమిటీ నిర్ధారించింది 2025లో. నడుమ 28 ఏళ్ళు. మీ రెండు గుంపుల పరీక్షకు ఇది ఎందుకు అందలేదు?

లెక్కల మాష్టారు:
మంచి దెబ్బ, ఒప్పుకుంటున్నాను. పదిహేను వందల మందిలో అరుదైన హాని కనబడదు. అది లక్షల మంది వాడాకే బయటపడుతుంది. పరీక్ష అన్నిటినీ పట్టుకుంటుందని నేను అనను.

బందరు రోడ్డు:
పనిచేసే మందు ఉన్నప్పుడు కొత్తదాన్ని దానితోనే పోల్చవచ్చు కదా? 2015లో ఇరాన్ పరిశోధకులు వంద మందితో అలాగే చేశారు. సగం మందికి రోజ్‌మేరీ నూనె, సగం మందికి బట్టతలకు తలకు రాసే మందు మినాక్సిడిల్ 2 శాతంది. ఆరు నెలలకు రెండూ సమానం. ఎవరికీ నీళ్ళు పోయలేదు.

లెక్కల మాష్టారు:
రెండూ సమానంగా పనిచేశాయా, రెండూ సమానంగా పనిచేయలేదా? మూడో గుంపు లేదు కనుక చెప్పలేం. ఆ వార్త వచ్చాక ఆ నూనె సీసాల ధర చూశారా!
ఉల్లిరసం సంగతీ అంతే. 2002లో ఇరాక్ పరిశోధకులు పేనుకొరుకుడు (జుట్టు మచ్చలు మచ్చలుగా ఊడే జబ్బు) వచ్చినవాళ్ళలో 23 మందికి ఉల్లిరసం రాస్తే ఆరు వారాలకు 20 మందికి వెంట్రుకలు వచ్చాయి. పోలిక గుంపుకు కుళాయి నీళ్ళు. తన తల ఉల్లిపాయ వాసన వేస్తోందో లేదో తెలియని మనిషి ఉంటాడా? పైగా పేనుకొరుకుడు మచ్చలు చిన్నవైతే వాటంతట అవే పూడే అవకాశం ఎక్కువ. దాన్ని చూసి మన వీడియోల వాళ్ళు బట్టతలకు ఉల్లిరసం అంటున్నారు.

కొత్తపేట మందులషాపు:
పేనుకొరుకుడు మాట వచ్చింది కనుక ఒక ముక్క. సగం తలకు పైగా జుట్టు పోయినవాళ్ళ మీద బారిసిటినిబ్ అనే మాత్రను రెండు పెద్ద పరీక్షల్లో చూశారు. 36 వారాలకు 4 మిల్లీగ్రాములు వాడినవాళ్ళలో 38.8, 35.9 శాతం మందికి తల దాదాపు నిండింది. ఉత్తుత్తి మాత్ర గుంపుల్లో 6.2, 3.3 శాతం. 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇది నడినెత్తి బట్టతలకు కాదు, అడగకండి. రోజూ ఎవరో ఒకరు అడుగుతారు.

అసలు సంగతి ఎవరూ అనలేదు. తమ్ముడూ, ఉత్తుత్తి మందు వస్తుందేమోనని భయపడుతున్నావు సరే, పరిశోధనలో చేరేవాడి దగ్గర 24 వేలు తీసుకోవడం ఏమిటి? పరీక్షిస్తున్న మందుకు చేరినవాళ్ళు డబ్బు కట్టే పద్ధతి లేదు. మన దేశంలో మొదటి మనిషిని చేర్చుకునే ముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. ఆ నంబరు అడుగు. నైతిక కమిటీ అనుమతి పత్రం అడుగు. హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారో అడుగు. 2019 నిబంధనల్లో ఇవన్నీ ఉన్నాయి.

బాలింత:
మగవాళ్ళ నడినెత్తి దగ్గరే ఆగిపోయారు. నాకు కాన్పయి నాలుగు నెలలు, దిండు నిండా వెంట్రుకలే. తిరుపతి మొక్కు ఉంది, గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని అత్తయ్య అంటున్నారు. నిజమేనా?

లెక్కల మాష్టారు:
మొక్కు తీర్చుకోండి తల్లీ, అది వేరే లెక్క. గీసినంత మాత్రాన వెంట్రుక లావూ కాదు, వేగంగానూ పెరగదని 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ కొలిచి చూపించారు. కాన్పు తరువాత ఊడినది చాలామందికి గుండు చేయించినా, చేయించకపోయినా తిరిగి వస్తుంది. ఏడాది దాటినా రాకపోతే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించండి.

అరండల్‌పేట అబ్బాయి:
ఈ రోజు క్లినిక్‌కు వెళ్ళి మూడూ అడిగాను. నంబరు పెద్ద డాక్టరు గారి దగ్గర ఉందట, ఆయన ఊళ్ళో లేరట. పత్రం రేపు చూపిస్తారట. ఉత్తుత్తి మందు గుంపు ఉందా అని అడిగితే ఆ అమ్మాయి నొచ్చుకుని "అలాంటివి మా దగ్గర ఉండవు సార్, అందరికీ అసలు మందే" అంది. సాయంత్రం ఫోను వచ్చింది, ఈ వారమే చేరితే 18 వేలట. చేరడం లేదు. గుంటూరులోనే ఒక చర్మవైద్యుడి దగ్గర పేరు రాయించుకున్నాను.
ఉత్తుత్తి మందు మాత్రం ఇప్పటికీ నాకు మింగుడు పడలేదు మాష్టారూ. అవసరం అర్థమైంది. అది నా తల కాకుండా ఉంటే బాగుండునని మాత్రం అనిపిస్తోంది.

గుంటగలగర:
బాబూ, నూనె ఒక సీసా పంపిస్తాను, డబ్బు వద్దు. మాష్టారి తృప్తి కోసం ఉత్తి కొబ్బరినూనె సీసా ఇంకొకటి పెడతాను. ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు రాయి.

లెక్కల మాష్టారు:
ఏ సీసాలో ఏముందో అబ్బాయికి చెప్పకండి అమ్మా. నాకూ చెప్పకండి.

గుంటగలగర:
కాచిన నూనె పచ్చగా ఉంటుంది మాష్టారూ, చూడగానే తెలిసిపోతుంది. ఇప్పుడేం చేద్దాం?