బాబు రోజూ బడికి పోతున్నాడు, పేరు మాత్రం ఆన్‌లైన్‌లో ఎక్కడం లేదు. ఎవరిని అడగాలి?

దుర్గం అమ్మ:
పొద్దున్నుంచి తిరిగి తిరిగి ఇప్పుడే ఇంటికొచ్చి రాస్తున్నా, ఓపిక లేదు, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. మాది రాయదుర్గం. బాబు మూడో తరగతి. మా వీధి చివరి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చేర్పించినాం. బళ్లు తెరిచి నెల దాటింది. రోజూ పోతున్నాడు, అక్కడే అన్నం తింటున్నాడు, టీచరమ్మ కూడా బాగా చూసుకుంటోంది. కానీ పేరు ఆన్‌లైన్‌లో ఎక్కలేదంట, అందుకని ప్రభుత్వం ఇచ్చే యూనిఫాం, పుస్తకాల కిట్టు రాలేదు. ప్రార్థనలో అందరూ యూనిఫాంలో నిలబడితే వీడొక్కడే చారల చొక్కాతో నిలబడతాడు, ఇంటికొచ్చి రేపు పోను అంటాడు. ఆధార్‌లో ఏమో ఉందని ఎవరో అంటే సచివాలయానికి పోయినా. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి ఆధార్ బాగానే ఉంది, ఇది బడివాళ్ల పని అన్నారు. బడికి పోతే పాత బడివాళ్లు వదల్లేదమ్మా, మా చేతుల్లో లేదు అన్నారు. వదలకపోవడం అంటే ఏంది? పిల్లోడు ఇక్కడే ఉన్నాడు కదా! బడి పిల్లల తల్లులకు ప్రభుత్వం వేసే తల్లికి వందనం డబ్బు కూడా పోతుందేమోనని ఒకటే టెన్షన్. ఎవరికి ఏం రాసివ్వాలి?

డేటా ఎంట్రీ:
పెన్ నంబర్ ఉందా? పాత బడి ఏది?

విశ్రాంత హెడ్మాస్టరు, కడప:
అమ్మా, మీ సమస్య తీరుతుంది, కంగారు పడకండి. కానీ ఈ సందర్భంలో ఒక మాట చెప్పాలి, ఇది మీ ఒక్కరి గురించి కాదు. నేను ముప్పై ఏళ్లకు పైగా పల్లె బళ్లలో పనిచేశాను. తల్లిదండ్రులు బడి గడప తొక్కేది డబ్బు పడనప్పుడే. పిల్లవాడు నాలుగు రోజులు రాకపోతే సెలవు చీటీ ఉండదు, ఫోను చేస్తే పెళ్లికి పోయామంటారు. తల్లికి వందనానికి 75 శాతం హాజరు ఉండాలన్న నిబంధన డబ్బు ఆపడానికి పెట్టింది కాదు, పిల్లలు బడిలో ఉండాలని పెట్టింది. బడి దగ్గర తల్లిదండ్రులు కోరుకునేవి ఎన్నో ఉంటాయి, బడి మీ దగ్గర కోరుకునేది కొంచెమే. ప్రార్థన గంట కొట్టేలోగా పంపండి, గోళ్లు తీయండి, ప్రోగ్రెస్ కార్డు చదివి సంతకం పెట్టండి, మీటింగుకు రండి. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశం పెట్టారు, మా కడప మునిసిపల్ హైస్కూలుకు ఉపముఖ్యమంత్రి కూడా వచ్చారు. ఆ రోజు అన్ని బళ్లూ కిటకిటలాడాయి. మామూలు నెలలో పిలిస్తే ఎంతమంది వస్తున్నారు? విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అంటే బడి మీ చేతుల్లోనే పెట్టారు. ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

దుర్గం అమ్మ:
సార్ నమస్తే. మావాడు ఒక్క రోజు కూడా మానలేదు, నేనే తీసుకెళ్లి దింపుతా. నా బాధ పేరు ఎక్కడం గురించి. డేటా అన్నా, పెన్ నంబర్ అంటే ఆధార్ నంబరేనా?

డేటా ఎంట్రీ:
కాదు. 11 అంకెలు. పాత బడి ఏది అని అడిగాను.

ప్రొద్దుటూరు నాన్న:
అక్కా, పెన్ అంటే పిల్లల చదువుకు ఇచ్చే శాశ్వత నంబరు, యూడైస్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో ఉంటుంది. 12 అంకెలుంటే అది అపార్ అనే విద్యార్థి ఐడీ కావచ్చు, ఆధార్ కూడా 12 అంకెలే కాబట్టి అందరూ కలిపేసుకుంటారు. ముందు టీసీ తెచ్చుకోండి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

కర్నూలు టీచర్:
ప్రాథమిక పాఠశాలకు టీసీ ఏంటండీ? ఐదో తరగతి దాకా ఇచ్చేది రికార్డ్ షీట్. టీసీ హైస్కూలు వాళ్లు ఇచ్చేది.

ప్రొద్దుటూరు నాన్న:
మా పాప రెండో తరగతిలో మారినప్పుడు ఇచ్చిన కాగితం మీద ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ అనే ఉంది మేడం. ప్రైవేటు బడి.

కర్నూలు టీచర్:
ప్రైవేటు వాళ్లు వాళ్లకు నచ్చింది అచ్చు వేయించుకుంటారు. మా రిజిస్టరులో మాత్రం రికార్డ్ షీటే. పిల్లలు వేరే బడికి పోయి టీసీ అని అడిగితే, లేదు అని తిప్పి పంపిన సందర్భాలు చూశాను, అందుకే చెబుతున్నా.

డేటా ఎంట్రీ:
ఏదైనా ఒకటే. కాగితం కాదు ఇక్కడ ఆగింది. అక్కా, పాత బడి?

దుర్గం అమ్మ:
బళ్లారిలో అన్నా. ప్రైవేటు ఇంగ్లీషు మీడియం. మా ఆయన అక్కడ జీన్స్ ప్యాంట్లు కుట్టే పనికి పోయినాడు, మేమూ అక్కడే ఉన్నాం. పని తగ్గిపోయి వేసవిలో తిరిగొచ్చేసినాం. కొంచెం ఫీజు బాకీ ఉంది, అది కడితేనే టీసీ అన్నారు. ఇక్కడ హెడ్మాస్టరు సార్ టీసీ తర్వాత ఇవ్వండి లెమ్మని చేర్చుకున్నారు.

డేటా ఎంట్రీ:
ఈ రెండు సంగతులే కావాల్సింది. ఇప్పుడు వినండి.

పిల్లల వివరాలు యూడైస్ ప్లస్ అనే పోర్టల్‌లో ఉంటాయి, అది దేశమంతటికీ ఒకటే. ఒక పిల్లాడి పేరు ఒకేసారి రెండు బళ్లలో ఉండదు. బళ్లారి బడివాళ్లు మీవాడు వెళ్లిపోయాడని వాళ్ల లాగిన్‌లో నమోదు చేస్తే, పేరు డ్రాప్ బాక్స్‌లోకి వస్తుంది. అక్కడినుంచి మీ హెడ్మాస్టరు పెన్ నంబరు, పుట్టిన తేదీ కొట్టి తన బడిలోకి తీసుకుంటారు. వాళ్లు నమోదు చేయనంత కాలం లెక్కలో మీవాడు ఇంకా బళ్లారిలోనే చదువుతున్నట్టు. వదల్లేదు అంటే అదే. సచివాలయానికి దీంతో పని లేదు.

కర్ణాటకలో శాట్స్ అని వాళ్ల రాష్ట్రం నంబరు ఇంకొకటి ఉంటుంది, ప్రోగ్రెస్ కార్డు మీద అదే రాసి ఉండొచ్చు. అది ఇచ్చి ఇదే పెన్ అనుకోకండి. పెన్ ఏదో పాత బడిని అడిగి రాయించుకోండి. గ్రూపులో మాత్రం పెట్టకండి.

వాళ్లు కదలకపోతే మీ హెడ్మాస్టరు లాగిన్‌లోనే రిలీజ్ రిక్వెస్ట్ పెట్టే వీలుంది, వేరే రాష్ట్రమైనా పెట్టొచ్చు. ఆయనకు తెలియకపోతే మండల రిసోర్స్ సెంటర్‌లో ఆ పని చూసేవాళ్లు ఉంటారు, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి. ఒక్కటి మాత్రం చేయొద్దు. కిట్టు కోసం తొందరపడి కొత్త పిల్లాడిగా ఎక్కించేయండి సార్ అని ఒత్తిడి పెట్టకండి. రెండు పేర్లు, ఒకే ఆధార్, తర్వాత అపార్ దగ్గర ఇరుక్కుంటుంది, అది విప్పడం ఇంతకంటే కష్టం.

ఇంకొకటి. పిల్లలకు ఐదేళ్లు దాటాక ఆధార్‌లో వేలిముద్రలు ఒకసారి ఇవ్వాలి. అది చేయించారో లేదో చూసుకోండి.

చిన్న స్కూలు నడిపేవాడిని:
ఒక మాట చెప్పనీయండి. ఫీజు బాకీ అంటే అందరూ ప్రైవేటు వాళ్లనే తిడతారు. చిన్న బళ్లలో టీచర్ల జీతాలు ఆ ఫీజుల నుంచే. మార్చి దాకా చదివించుకుని చెప్పకుండా వెళ్లిపోయే తల్లిదండ్రులు ప్రతి ఏడాదీ ఉంటారు. అమ్మా, మీరు అలాంటివారని కాదు. వెళ్లి కూర్చుని మాట్లాడండి, ఇంత కట్టగలం, ఇంత కట్టలేం అని చెప్పండి. చాలామంది ఒప్పుకుంటారు.

ప్రొద్దుటూరు నాన్న:
మాట్లాడటం సరే. కానీ బాకీ కోసం పిల్లాడి పేరు పట్టి ఉంచడం చట్టం ఒప్పుకోదు. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 5 చూడండి. రాష్ట్రం లోపలైనా బయటికైనా పిల్లలు బడి మారాల్సి వస్తే పాత బడి హెడ్మాస్టరు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి చేర్చుకోకుండా ఉండకూడదు. దుర్గం హెడ్మాస్టరు చేసింది పూర్తిగా సరైన పని. 2024 జులైలో మద్రాసు హైకోర్టు కూడా టీసీని ఫీజు వసూలుకు వాడకూడదని చెప్పింది.

చిన్న స్కూలు నడిపేవాడిని:
మద్రాసు హైకోర్టు చెప్పింది తమిళనాడుకు. బళ్లారికి కాదు, అనంతపురానికీ కాదు.

ప్రొద్దుటూరు నాన్న:
తీర్పు తమిళనాడుదే, చట్టం మాత్రం దేశానిది కదా అన్నా. సెక్షన్ 5 బళ్లారికీ వర్తిస్తుంది. బాకీ వసూలు చేసుకోవడానికి మీకు వేరే దారులున్నాయి, ఎనిమిదేళ్ల పిల్లాడికి యూనిఫాం రాకుండా చేయడం దారి కాదు.

విశ్రాంత హెడ్మాస్టరు, కడప:
ఇద్దరూ శాంతించండి. ఉత్తరం ఎలా రాయాలో అమ్మ అడిగింది, అది ఎవరూ చెప్పలేదు. పాత బడి ప్రిన్సిపాల్‌కు రాయండి. బాబు పేరు, పుట్టిన తేదీ, చదివిన తరగతి, అక్కడ చివరిగా హాజరైన తేదీ, ఇప్పుడు చేరిన బడి పేరు, ఆ బడి యూడైస్ కోడ్. విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం టీసీ ఇచ్చి, యూడైస్‌లో విడుదల చేయమని ఒక వాక్యం. ఇంగ్లీషులోగానీ కన్నడంలోగానీ ఉంటే మంచిది. ఇక్కడి హెడ్మాస్టరు దగ్గర బాబు ఫలానా తేదీ నుంచి చదువుతున్నాడని కాగితం తీసుకుని జతచేయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడం కుదరదంటే స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. అప్పటికీ చేయకపోతే అదే కాగితం అక్కడి బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) ఆఫీసులో ఇవ్వాలి. మన ఎంఈఓకు బళ్లారి బడి మీద అధికారం లేదు, ఇక్కడ ఫిర్యాదు పెట్టి రోజులు పోగొట్టుకోకండి.

హిరేహాళ్ అక్క:
పేరు సంగతి అందరూ చెప్పారు, పిల్లోడి చదువు సంగతి ఎవరూ అడగలేదు. మాది సరిహద్దు, బళ్లారి నుంచి తిరిగొచ్చిన పిల్లలు మా వీధిలోనే ఎంతమందో. కన్నడం అక్షరాలు నేర్చుకుని వస్తే తెలుగు వచ్చేసినట్టే కనబడుతుంది, కానీ రాతలో తేడా వస్తుంది. మా చిన్నోడు తలకట్టు అడ్డంగా గీసేవాడు, క, త అన్నీ కన్నడం లాగే ఉండేవి, టీచరు తప్పు కొడితే ఏడ్చేవాడు, వాడికి ఎక్కడ తప్పో కనిపించేది కాదు. టీచరమ్మతో ముందే చెప్పు చెల్లీ, ఈ పిల్లోడు కన్నడం రాసి వచ్చాడు అని. ఒక వరుస తలకట్లు మాత్రమే రోజూ రాయించు, తొందరగానే కుదురుకుంటుంది. వాడికి కన్నడమే నయం అనిపిస్తే మన సరిహద్దు మండలాల్లో కన్నడ మీడియం ప్రభుత్వ బళ్లు కూడా ఉన్నాయి.

కర్నూలు టీచర్:
ఇది చాలా మంచి మాట. ఆదోని వైపు కూడా ఇదే సమస్య, డిక్టేషన్‌లో తెలిసిపోతుంది. ఇంతకీ రికార్డ్ షీట్ విషయం నేను చెప్పిందే సరైనది.

దుర్గం అమ్మ:
అక్కా మావాడు కూడా అట్లే అడ్డంగా గీస్తాడు! నేను నిర్లక్ష్యమనుకుని కోప్పడుతున్నా. బళ్లారి ప్రిన్సిపాల్ మేడం ఇందాక ఫోన్ ఎత్తినారు, బాకీలో సగం ఇప్పుడు, సగం దసరాకు ఇస్తామంటే సరే రమ్మన్నారు. సోమవారం మా ఆయన పోతాడు, పెన్ నంబరు కూడా రాయించుకుని వస్తాడు. అందరికీ థాంక్స్.

డేటా ఎంట్రీ:
టీసీ చేతికొచ్చినా సరిపోదు. విడుదల చేశారో లేదో అక్కడుండగానే ఇక్కడి హెడ్మాస్టరుకు ఫోన్ చేసి చూడమనండి.

గుంతకల్లు పాప నాన్న:
అన్నా, మా పాపదీ ఇదే బాధ. కానీ పాత ప్రైవేటు బడి మూసేశారు, యజమాని ఫోన్ కలవదు. అప్పుడు రిలీజ్ ఎవరు చేయాలి?