నొజావా ఓన్‌సెన్ (జపాన్): ఊరి వేడినీళ్ళ స్నానాల గురించి తెలిసినవి ఇక్కడ రాయండి

ఇయామా_బస్సు:
టోక్యో నుంచి హొకురికు షిన్‌కాన్‌సెన్ బుల్లెట్ రైల్లో ఇయామా, అక్కణ్ణుంచి బస్సులో సుమారు 25 నిమిషాలు. నగానో ప్రాంతంలోని ఈ ఊళ్ళో 13 ఉమ్మడి స్నానశాలలున్నాయి, వీటిని సోతోయు అంటారు. టికెట్ లేదు. నీళ్ళు భరించలేనంత వేడంటున్నారు, తట్టుకునే పద్ధతి ఏమిటండీ?

వేడి_పిచ్చి:
ముందు కూచుని చెంబుతో కాళ్ళ మీద, తర్వాత తొడలు, నడుము, చివరికి భుజాలు. పది చెంబులైనా పోసుకోవాలి. ఒళ్ళు శుభ్రమవడానికీ, వేడికి అలవాటు పడడానికీ ఇదొక్కటే దారి. దిగాక కదలకండి. ఒంటికి ఆనుకున్న నీళ్ళు కాస్త చల్లబడి పొరలా నిలుస్తాయి. చేతులు ఆడించారా, ఆ పొర చెదిరి మళ్ళీ చురుక్కుమంటుంది. పక్కవాళ్ళు విసుక్కునేదీ అందుకే. రెండు మూడు నిమిషాలుండి లేచి, గట్టు మీద కూచుని, మళ్ళీ దిగండి. లేచేటప్పుడు నెమ్మది, కళ్ళు తిరుగుతాయి. బీపీ ఉన్నవాళ్ళు, మద్యం తాగినవాళ్ళు దిగకపోవడమే మంచిది.

ఊరి నడిబొడ్డున ఉన్న ఓయు అనే స్నానశాలలో రెండు తొట్లు, ఒకటి వేడి తక్కువ. కుమానోతెఆరాయు కూడా కొత్తవాళ్ళకి నయం.

మంచు_గొడుగు:
చన్నీళ్ళ కొళాయి ఉంటుంది కదా అని తిప్పేయకండి. లోపలున్నవాళ్ళని అడిగి, కొద్దిగా తిప్పి, దిగగానే కట్టేయాలి. అలాగే వదిలేసి పోతే తొట్టి చల్లారిపోతుంది, మళ్ళీ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. సాయంత్రం పొలం పని ముగించుకొచ్చిన ముసలాయన గోరువెచ్చటి నీళ్ళలో దిగాలంటే కోపం రాదా?

బట్టలు మార్చుకునే అరలు చాలాచోట్ల తొట్టి పక్కనే. లాకర్లుంటాయని లెక్క వేసుకోకండి. పర్సు బసలోనే పెట్టి రండి. వెండి తీసేయండి, గంధకానికి నల్లబడుతుంది. ఆడ మగ వేరువేరు, ఈత బట్టలు కుదరవు. చిన్న తువ్వాలు తొట్టిలో ముంచకూడదు.

యునకామా:
ఇవి పంచాయతీవో హోటళ్ళవో అనుకునేవాళ్ళ కోసం ఒక మాట. ఒక్కో స్నానశాల చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళది. యునకామా అనే ఈ కట్టు జపాన్ ఎడో యుగం (1603–1868) నుంచీ ఉంది. కరెంటు బిల్లు, నీళ్ళ ఖర్చు వాళ్ళే పంచుకుంటారు, తొట్టి కడిగేది వంతులవారీగా. కాబట్టి డబ్బాలో నాణేలు వేయడం మర్యాద. కడిగే సమయంలో తలుపు మూసి ఉంటే తట్టకండి, ఇంకో స్నానశాల నాలుగడుగుల్లోనే ఉంటుంది.

బూనా_చెట్టు:
ఓగామా చూడకుండా రావద్దు. దాదాపు 90 డిగ్రీల ఊట. ఊరివాళ్ళు కూరలు ఉడికిస్తారు, అకేబి తీగను మెత్తబరిచి బుట్టలల్లుతారు. మనకి లోపలికి ప్రవేశం లేదు, కంచె బయటి నుంచే. జారితే ప్రాణం మీదికొస్తుంది, ఇది ఉత్త బెదిరింపు కాదు. అక్టోబరులో వెళ్తే పైన ఉఎనోతైరా బీచ్ చెట్ల (జపనీస్‌లో బూనా) అడవికి ఒక పూట కేటాయించండి. 1,650 మీటర్ల కెనాషి కొండ మీది మంచుకరుగు నీరు ఆ అడవి నేలలోకే ఇంకుతుంది.

ఇయామా_బస్సు:
జనవరి 15 దోసోజిన్ (దారి కాచే దేవుడు) నిప్పుల పండగకి వెళ్ళొచ్చా?

యునకామా:
వెళ్ళొచ్చు, బస మాత్రం చాలా ముందే చూసుకోవాలి. బీచ్ చెట్ల దుంగలతో ఊరివాళ్ళే గుడిలాంటి కట్టడం లేపుతారు. 42, 25 కీడు వయసులని నమ్మకం; అందుకే 42 ఏళ్ళవాళ్ళు పైన కూచుంటారు, 25 ఏళ్ళవాళ్ళు కింద కాపలా, మిగతా ఊరు దానికి నిప్పంటించాలని కాగడాలతో మీద పడుతుంది. నిప్పురవ్వలు దూరం ఎగురుతాయి; నైలాన్ జాకెట్‌కి చిల్లులు ఖాయం. పాతది వేసుకోండి.

పప్పు_చారు:
శాకాహారులకి: నొజావానా ఆకు ఊరగాయ చూడ్డానికి శాకాహారమే, కానీ చాలా రకాల్లో ఎండుచేప సారం కలుపుతారు. ప్యాకెట్ మీద 鰹 అనే అక్షరం గానీ かつお గానీ ఉంటే వదిలేయండి. ఆ ఆకు కూరిన ఒయాకికీ (పిండి బిళ్ళలు) అదే లెక్క, అడిగి తీసుకోండి.