కాంట్రాక్ట్ అయ్యాక మళ్ళీ పిలవకపోతే అది ఉద్యోగం పీకేయడం కాదా?

తొండియార్‌పేట_రమణ:
చెన్నైలో ఉన్న మన షిప్పు వాళ్ళందరినీ అడుగుతున్నాను. నేను ఏబీని, అంటే డెక్ మీద పనిచేసే నావికుణ్ణి, సొంతూరు సోంపేట దగ్గర. చాలాకాలంగా షిప్పులకు సిబ్బందిని పంపే ఒకే మ్యానింగ్ ఆఫీసు ద్వారా షిప్పెక్కుతున్నాను. పోయిన కాంట్రాక్ట్‌లో రెండు నెలలు జీతం ఆగితే అందరి తరఫునా నేనే కంప్లైంట్ రాశాను. ఐటీఎఫ్ (అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య) ఇన్‌స్పెక్టర్ వచ్చాక అందరికీ డబ్బులు పడ్డాయి. ఆ తర్వాత నాకు జాయినింగ్ లేదు. సంతకం పెట్టకుండా తప్పుకున్నవాళ్ళంతా మళ్ళీ షిప్పెక్కారు. ఆఫీసుకు పోతే వేకెన్సీ లేదంటారు. దీన్ని ఉద్యోగం తీసేయడం అనాలా, వద్దా?

కెప్టెన్_అన్నానగర్:
అనకూడదు. షిప్పులు నడిపి, ఇప్పుడు మ్యానింగ్ ఆఫీసులో పనిచేస్తున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మీ అగ్రిమెంట్‌లో చివరి తేదీ ఉంటుంది. ఆ తేదీ దాకా జీతం ఇచ్చారు, టికెట్ పెట్టి ఇంటికి పంపారు. ఒప్పందం పూర్తయింది. ఇక లేని ఉద్యోగాన్ని ఎవరు తీస్తారు? నావికుల హక్కుల మీద 2006లో దేశాలు చేసుకున్న మారిటైం లేబర్ కన్వెన్షన్‌ను మన దేశం 2015లో ఆమోదించింది. ఏ 24 గంటల్లోనైనా 10 గంటల విశ్రాంతి, వారానికి 77 గంటలు, కంపెనీ ఖర్చుతో తిరుగు ప్రయాణం, అన్నీ అందులో ఉన్నాయి. తర్వాతి కాంట్రాక్ట్ ఇచ్చి తీరాలని మాత్రం ఎక్కడా లేదు.

ఎన్నూర్_కుర్రాడు:
మా తమ్ముడు షిప్పులో కింది స్థాయి పనులకు జీపీ రేటింగ్ కోర్సు చేస్తానంటున్నాడు. చేర్పించొచ్చా అన్నా?

తొండియార్‌పేట_రమణ:
కెప్టెన్ గారూ, తేదీ సంగతి నాకూ తెలుసు. కంప్లైంట్ రాయక ముందు కూడా అదే తేదీ ఉండేది కదా. అప్పుడు నేను ఇంటికొచ్చి లగేజీ విప్పకముందే ఫోన్ చేసేవారు. ఇప్పుడెందుకు చెయ్యరు?

కెప్టెన్_అన్నానగర్:
మార్కెట్ డల్‌గా ఉంది. తేదీ అయిపోయాక పిలవడం, పిలవకపోవడం కంపెనీ ఇష్టం.

అలలు_77:
పర్మనెంట్ వాళ్ళకే దిక్కులేదు. 2022 మార్చి 17న బ్రిటన్‌లో పీ అండ్ ఓ ఫెర్రీస్ దాదాపు 800 మందిని ఒక వీడియో మెసేజ్‌తో పీకేసింది.

కెప్టెన్_అన్నానగర్:
అదే చూడండి. పర్మనెంట్ అన్నది భ్రమ.

హార్బర్_పెద్దాయన:
ఆ కథ సగమే చెప్పారు. వాళ్ళ చోట ఎక్కించింది ఏజెన్సీ మనుషుల్ని. అంటే రమణలాంటి వాళ్ళనే చూపించి పర్మనెంట్ వాళ్ళను దించారు.

మా నాన్న ఇక్కడి హార్బర్‌లో కళాసీ. పొద్దున్నే గేటు ముందు నిలబడితే మేస్త్రీ వేలుపెట్టి చూపించినవాడికే ఆ రోజు కూలి. మేస్త్రీకి ఎదురు చెప్పినవాడు మర్నాడు కూడా గేటు బయటే. 1948 డాక్ వర్కర్ల చట్టం కింద డాక్ లేబర్ బోర్డు వచ్చాక పేర్లు రిజిస్టర్లోకి ఎక్కాయి. పని వరస ప్రకారం వచ్చేది. షిప్పు రాని రోజు కూడా హాజరు వేయించుకుంటే కొంత డబ్బు చేతికొచ్చేది. ఏ ఒక్క కంపెనీలోనూ ఆయన పర్మనెంట్ కాదు. అయినా ఉద్యోగానికి భద్రత ఉండేది. షిప్పు వాళ్ళకు అలాంటి వరస ఎందుకు పెట్టకూడదు?

కెప్టెన్_అన్నానగర్:
పోర్టు వేరు, షిప్పు వేరు. ఓనరు ఒక దేశంలో, షిప్పు రిజిస్టరైన జెండా పనామాదో లైబీరియాదో, సిబ్బంది నాలుగు దేశాల వాళ్ళు. మీ రిజిస్టరు ఎవరు నడుపుతారు? కంటైనర్లు వచ్చాక ఆ కళాసీల పనే తగ్గిపోయింది కదా.

సత్య_రాయపురం:
మీరంతా రూల్స్ చెబుతున్నారు. మావారు ఇప్పుడు షిప్పు మీదున్నారు. ఆ ఉద్యోగం కోసం నా నగలు తాకట్టు పెట్టి కట్టాం. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర పైసా తీసుకోకూడదని మీరు చెప్పిన కన్వెన్షన్‌లోనే ఉందట. అడిగితే ఆయన్ని ఎక్కించరని నోరు మూసుకున్నాం.

కెప్టెన్_అన్నానగర్:
అమ్మా, ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్, అంటే నావికులను పనిలో పెట్టేందుకు సర్కారు ఇచ్చే అనుమతి, లేని ఏజెంటుకు కట్టి, అందరినీ అదే గాటన కట్టకండి.

సత్య_రాయపురం:
లైసెన్స్ నంబరు వాళ్ళ బోర్డు మీదే ఉందండీ. డబ్బు పక్క గదిలో తీసుకున్నారు. రసీదు ఇవ్వలేదు.

తొండియార్‌పేట_రమణ:
దీనికి జవాబు చెప్పండి సార్. ఇంకోటి కూడా. మీ ఆఫీసుల్లో నా పేరు పక్కన ఏం రాసి పెట్టుకున్నారు?

కెప్టెన్_అన్నానగర్:
నోరు అదుపులో పెట్టుకోండి. మేమేమీ రాయం. ఓనర్ ఫోన్ చేసి, ఈ మనిషి గొడవలు చేస్తాడా అని అడుగుతాడు. ఉన్నది చెబుతాం. దాచిపెడితే రేపు ఆ ఓనర్ మొత్తం సిబ్బందిని ఫిలిప్పీన్స్‌లోని మనీలా నుంచి తెచ్చుకుంటాడు. మీ ఒక్కరి పంతం కోసం ఉద్దానం కుర్రాళ్ళందరి అన్నం పోగొట్టమంటారా? ఆ టెన్షన్ పడేది నేను, మీరు కాదు.

తొండియార్‌పేట_రమణ:
ఈ మాట మొదటే చెప్పాల్సింది. అంటే మార్కెట్ డల్ కాదు, తేదీ కాదు. జీతం అడిగినవాణ్ణి పిలవరు. అడగకుండా ఉంటే ఏమవుతుందో కూడా చూడండి. 2024లో ఓనర్లు గాలికొదిలేసిన షిప్పులు 312, నావికులు 3,133 మంది అని ఐటీఎఫ్ లెక్క. అందులో 899 మంది మనవాళ్ళే, ఏ దేశం వాళ్ళకన్నా ఎక్కువ. రెండు నెలల జీతం ఆగినా అది షిప్పును వదిలేయడం కిందికి వస్తుంది. బాకీలో నాలుగు నెలల జీతం దాకా ఓనర్ తీసుకున్న ఇన్సూరెన్స్ నుంచి నావికుడికి రావాలి. కానీ ఎవరో ఒకరు కాగితం మీద రాస్తేనే కదా అది కదిలేది! ఆ రాసినవాడే గొడవ మనిషా?

హార్బర్_పెద్దాయన:
కెప్టెన్ గారూ, నావికుడికి ఉద్యోగం రాకుండా చేసే లిస్టులు మ్యానింగ్ ఆఫీసులు వాడకూడదని ఆ కన్వెన్షన్‌లోనే ఉంది.

కెప్టెన్_అన్నానగర్:
లిస్టు అంటే కాగితం. ఫోన్లో అభిప్రాయం చెప్పడం లిస్టు కాదు.

హార్బర్_పెద్దాయన:
లిస్టు ఒక్కటే కాదండీ, ఏ పద్ధతిలోనూ అడ్డుకోకూడదని ఉంది. మా మేస్త్రీ కూడా కాగితం మీద ఏమీ రాయలేదు.

కెప్టెన్_అన్నానగర్:
మనీలా సంగతి ఎవరూ మాట్లాడరే.

తొండియార్‌పేట_రమణ:
మనీలా కుర్రాడికి కూడా ఇదే కన్వెన్షన్ వర్తిస్తుంది. అతనూ నాలాగే భయపడాలా? నేను షిప్పింగ్ చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు డీజీ షిప్పింగ్‌కు ఫిర్యాదు రాస్తున్నాను. పేరు పెట్టే రాస్తాను. డబ్బులు కట్టినవాళ్ళు, జాయినింగ్ ఆగిపోయినవాళ్ళు నాతో సంతకం పెడతారా?

ఎన్నూర్_కుర్రాడు:
తమ్ముడి కోర్సు గురించి ఎవరూ చెప్పలేదు.

సత్య_రాయపురం:
రమణ గారూ, మావారు సైన్ ఆఫ్ అయి ఇంటికొచ్చాక సంతకం పెడతాం. అప్పటిదాకా మా పేరు ఎక్కడా రాయకండి.